కొండ ఎత్తు కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం సంచికలో విదేశీ యాత్రల మీద వచ్చేవి వదలకుండా చదువుతాను. ఫొటోలు బావుంటాయి, టికెట్ ఎంతో ఉంటుంది, అక్కడ ఏం తినాలో కూడా ఉంటుంది. కానీ ఎత్తైన కొండ గురించి రాసినప్పుడు పైన గాలి ఎలా ఉంటుంది, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు వెళ్లొచ్చా అనే ముక్క మాత్రం ఎప్పుడూ కనపడదు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే మా వయసు వాళ్లకి ముందు కావాల్సింది అదే కదండీ.

పోయిన వేసవిలో డెన్వర్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నాం. ఒకరోజు కొలరాడో స్ప్రింగ్స్‌లో గార్డెన్ ఆఫ్ ది గాడ్స్ అని ఎర్ర రాతిగుట్టలుంటే చూసొద్దామని బయల్దేరాం, ప్లాన్ అంతవరకే. అక్కడ మా అల్లుడు ఫోన్ చూసి, "పైక్స్ పీక్‌కి మధ్యాహ్నం స్లాట్ ఖాళీ ఉంది అత్తయ్యా, కారు శిఖరం దాకా వెళ్తుంది, నడిచే పనే లేదు" అన్నాడు. నడిచే పని లేదంటే ఎవరు కాదంటారు!

ఆ శిఖరం 14,115 అడుగులు. మన హార్సిలీ హిల్స్ నాలుగు వేల చిల్లర, అంతే. టోల్ గేటు నుంచి పైకి దాదాపు 30 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, చాలాచోట్ల పక్కన రెయిలింగ్ ఉండదు, ఒక ఎత్తు దాటాక చెట్లే ఉండవు, ఉత్త రాళ్లు, ఆకాశం. చూడ్డానికి అద్భుతం, అందులో అబద్ధం లేదు. అయితే పైన కారు దిగి నాలుగడుగులు వేశామో లేదో మా వారు మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టారు, నాకు కణతల దగ్గర ఒకటే పోటు. గాలిలో ఆక్సిజన్ శాతం మారదుట, పీడనం తగ్గడంతో ఒక్కో ఊపిరికి అందేది సముద్ర మట్టంతో పోలిస్తే అరవై శాతమే. వంట చేసేవాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే అక్కడ నీళ్లు 86 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, కుక్కర్ లేకుండా పప్పు పెడితే ఇక ఉడికినట్టే.

పైన వేడివేడి డోనట్లు చాలా ఫేమస్. మా అమ్మాయి తెచ్చింది గానీ మా వారు ముట్టుకోలేదు, తిండి వద్దన్నారంటేనే నాకు టెన్షన్ పట్టుకుంది, వెంటనే దిగిపోదామన్నాను. దిగేటప్పుడు గ్లెన్ కోవ్ అనే చోట ప్రతి కారూ ఆపి బ్రేకులు ఎంత వేడెక్కాయో చూస్తారు, మరీ కాలిపోతుంటే చల్లారేదాకా వదలరు. కారు బ్రేకులకి ఉన్న పరీక్ష మనుషులకి లేదే అని మా వారు నవ్వేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. కిందికి వస్తున్నకొద్దీ ఆయన ఆయాసం, నా తలపోటు వాటంతటవే సర్దుకున్నాయి. ఎత్తు వల్ల వచ్చే ఈ బాధకి అసలు మందు కిందికి దిగడమేనట.

మేం అప్పటికే 5,280 అడుగుల ఎత్తున్న డెన్వర్‌లో కొన్నాళ్లుగా ఉన్నాం కాబట్టి అంతటితో పోయింది. విజయవాడలో విమానం ఎక్కి, దిగిన మర్నాడే పైకి వెళ్లేవాళ్ల సంగతేంటి? గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు బయల్దేరే ముందే డాక్టర్ని అడగాలి. పెద్దవాళ్లకి తీసుకునే ట్రావెల్ ఇన్సూరెన్సుల్లో చాలావాటికి ముందునుంచి ఉన్న జబ్బులు వర్తించవు, అది కూడా ఎవరూ చెప్పరు. జూలైలోనూ పైన చలి గాలి కొడుతుంది, చీర మీద పల్చటి శాలువా చాలదు. మధ్యాహ్నాలు ఉరుములు, పిడుగులు కూడా ఎక్కువట, పొద్దున స్లాటే నయం.

వెళ్లొద్దని రాయమనడం లేదండీ. కొండ గురించి వేసిన ప్రతిసారీ ఫొటో కింద ఎత్తెంతో, ఎవరు డాక్టర్ని అడిగి వెళ్లాలో రెండు లైన్లు వేయండి, టికెట్ ధర పక్కనే వేసినా సరే.

ఇట్లు,
ఒక పాఠకురాలు, విజయవాడ