ఆ పుస్తకం వాడికి ఇచ్చెయ్ తల్లీ

చిన్నితల్లీ,

నీ మెసేజ్ చూశా, రెండు లైన్లలో రిప్లై కొట్టేసే విషయం కాదనిపించి తీరిగ్గా రాస్తున్నా. పిల్లాడికి చదివి వినిపిద్దామని రైలుబడి, అదే టొట్టో చాన్ అనే జపాన్ పిల్ల చదివిన బడి కథ, తీశావు, చెట్టెక్కే చాప్టర్ దగ్గర గొంతు పూడుకుపోయి మూసేశావు, ఇంత ఏడిపించే పుస్తకం వాడికి ఇప్పుడే ఎందుకు నాన్నా, పెద్దయ్యాక ఇద్దామా అని అడిగావు. ఇప్పుడే ఇచ్చెయ్ తల్లీ.

నువ్వు ఎక్కడ ఆగిపోయావో చూడు. టొట్టో చాన్ స్నేహితుడు యసువాకి చనిపోయే చోట కాదు, వాడు చెట్టెక్కే చోట! అసలది పుస్తకం మొత్తంలో ఎంత సంతోషమైన చాప్టరో. పోలియో వచ్చి కాళ్ళూ చేతులూ సరిగ్గా ఆడని పిల్లాడు, జన్మలో చెట్టెక్కి ఎరగడు, టొట్టో చాన్ ఏమో ఇంట్లో చెప్పకుండా వాణ్ణి తన చెట్టు మీదకి పిలిచింది, నిచ్చెన లాక్కొచ్చి ఆనిస్తే ఒక్క మెట్టు కూడా ఎక్కలేకపోయాడు, మళ్ళీ పరిగెత్తి వెతికి కదలకుండా నిలబడే స్టెప్ లాడర్ తెచ్చింది, ఇద్దరూ చెమటలు కక్కుతూ ఎక్కితే తీరా పైకొచ్చాక నిచ్చెన మీంచి కొమ్మ మీదకి రావడం కుదర్లా, చివరికి వాణ్ణి బోర్లా పడుకోమని తనే లాగేసింది. ఆ కొమ్మ మీద కూర్చుని వాడు అమెరికాలో టెలివిజన్ అని ఒకటుందట, అందులో సుమో కుస్తీ కూడా చూడొచ్చట అంటుంటే, అంత లావు మనుషులు ఆ పెట్టెలోకి ఎలా దూరతారా అని ఈ పిల్ల ఆలోచన.

నీకు మొదటిసారి ఇది చదివినప్పుడు ఎగిరి చప్పట్లు కొట్టావు. అప్పుడు తర్వాత ఏమవుతుందో నీకు తెలీదు, ఇప్పుడు తెలుసు, తేడా అంతా అక్కడే ఉంది. కథ తెలిసినవాళ్ళకి ఏడుపు చావు పేజీ దాకా ఆగదు, దానికి ముందు పిల్లలు నవ్వుకునే పేజీల్లోనే తన్నుకొచ్చేస్తుంది. నీ కొడుక్కి మాత్రం ఆ పేజీ ఇంకా ఉత్త సంతోషమే కదా. నీకు బరువుగా ఉందని వాడికి ఆ సంతోషం ఎందుకు ఆపాలి చెప్పు?

ఇంకోటి కూడా ఉంది, పెద్దయ్యే కొద్దీ మనం కథలో పిల్లల పక్కనుంచి లేచి పెద్దవాళ్ళ పక్కకి వెళ్ళి కూర్చుంటాం. 1945లో బాంబులు పడి బడి తగలబడుతుంటే ఆ బడి పెట్టిన కొబయాషి మాస్టారు ఆ మంటలు చూస్తూ, ఈసారి ఎలాంటి బడి కడదాం అని కొడుకుని అడుగుతాడు చూడు, పిల్లలకి అది ధైర్యంగా వినిపిస్తుంది. ఆయన 1963లో పోయారు, అలాంటి ప్రైమరీ బడి మళ్ళీ పెట్టకుండానే. అది తెలిశాక ఆ మాట దగ్గర నాకు కళ్ళు ఆగవు తల్లీ.

నాకూ అలాంటి పుస్తకం ఒకటుంది, నీకెప్పుడూ చెప్పలేదు. బ్లాక్ బ్యూటీ, ఒక గుర్రం తన కథ తనే చెప్పుకునే పుస్తకం. అన్నా సెవెల్ అనే ఆవిడ జబ్బుతో మంచాన ఉండి రాసింది, 1877లో వచ్చింది, ఆ మరుసటి ఏడే ఆవిడ పోయింది. అందులో జింజర్ అని ఆడగుర్రం, బండ్లకి కట్టి చాకిరీ చేయించి చేయించి ఎముకల గూడు చేసేస్తారు. ఒకరోజు చచ్చిన గుర్రాన్ని బండిలో వేసుకుని పోతుంటే తల కిందకి వేలాడుతూ కనిపిస్తుంది, అది జింజరే అయ్యుంటే బాగుండు, దాని కష్టాలు తీరిపోతాయి అని స్నేహితుడైన గుర్రం అనుకుంటుంది. చిన్నప్పుడు నాకు ఆ గుర్రం మీద భలే కోపం వచ్చింది, స్నేహితుడై ఉండి చావు కోరుకుంటాడా అని. మీ నాయనమ్మ ఆఖరి రోజుల్లో పక్కన కూర్చున్నాక ఆ కోరిక ఏంటో అర్థమైంది, ఆ తర్వాత ఆ పుస్తకం మళ్ళీ తెరవలేదు.

నువ్వేమీ మరీ సెన్సిటివ్ కాదు. షార్లెట్స్ వెబ్ అని షార్లెట్ అనే సాలీడు ఉండే పిల్లల కథ రాసిన ఇ.బి. వైట్ 1970లో తన పుస్తకాన్ని తనే చదివి రికార్డ్ చేశాడు, సాలీడు చనిపోయే చోటికి వచ్చేసరికి గొంతు వణికి ఆగిపోయి అదే ముక్క మళ్ళీ మళ్ళీ చదవాల్సొచ్చింది. ఆ కథ వచ్చింది 1952లో. రాసినాయనకే అన్నేళ్ళ తర్వాత కూడా అలా ఉంటే మనమెంత.

కాబట్టి చదువు, కానీ ఆ చావు చాప్టర్ రాత్రి పడుకోబోయే ముందు మాత్రం వద్దు, పొద్దున పూట చదువు, తర్వాత వాడికి పరిగెత్తడానికి టైమ్ ఉండాలి. పేజీలు దాటేయకు, పిల్లలు ఇట్టే కనిపెట్టేస్తారు, దాచావంటే అందులో ఇంకేదో భయంకరమైంది ఉందనుకుంటారు. యసువాకి తన పుస్తకం ఒకటి టొట్టో చాన్‌ని చదవమని ఇస్తాడు, అది ఆ పిల్ల దగ్గరే ఉండిపోతుంది కదా, తిరిగిద్దామంటే వాడు లేడు, వాడు మళ్ళీ రాడా అని నీ కొడుకు అడుగుతాడు, రాడు అనే చెప్పు. నీకు ఏడుపొస్తే ఏడువు, వాడు చూస్తే చూడనీ, నిన్ను చూసి వాడేం బెంబేలెత్తిపోడు, పక్కకి జరిగి కూర్చుంటాడు అంతే.

మరీ గొంతు రాకపోతే వీడియో కాల్ చెయ్, చెట్టెక్కే చాప్టర్ నేను చదివిపెడతా, మీరిద్దరూ వినండి. వాడు కాస్త పెద్దయ్యాక ఆ గుర్రం కథ మాత్రం నువ్వే చదవాలి, అది నా వల్ల కాదు.

ప్రేమతో,
నాన్న