ప్రభుత్వ డొమైన్లకు డీఎన్ఎస్‌సెక్ పెట్టించండి: ఐటీ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ఐటీ శాఖ మంత్రి గారికి నమస్కారం.

మీ భూమి సైట్లో అడంగల్ చూసుకోవాలని రైతు ఫోన్ తీశాడనుకోండి. ఆ పేరుకు ఏ సర్వరు అని ఫోన్ ముందుగా డీఎన్ఎస్‌ని, అంటే సైటు పేర్లకు సర్వర్ల అడ్రసులు చెప్పే వ్యవస్థను, అడుగుతుంది. వచ్చిన జవాబును నమ్మేస్తుంది. ఆ జవాబు అసలుదేనా, మధ్యలో ఎవరైనా మార్చారా అని తేల్చుకునే ఏర్పాటు 1983లో డీఎన్ఎస్ పుట్టినప్పుడు లేదు. మన తరఫున డీఎన్ఎస్‌లో అడ్రసు వెతికిపెట్టే సర్వర్లయిన రిజాల్వర్లలోకి దొంగ అడ్రసు ఎంత తేలిగ్గా ఎక్కించవచ్చో 2008లో భద్రతా పరిశోధకుడు డాన్ కమిన్‌స్కీ బయటపెట్టాక అందరూ హడావుడిగా ప్యాచ్‌లు వేసుకున్నారు. వాటితో దాడి కష్టమైంది, అసాధ్యం కాలేదు. ప్రతి జవాబుకూ డిజిటల్ సంతకం పెట్టే డీఎన్ఎస్‌సెక్ ఉంటేనే దొంగ జవాబు దొరికిపోతుంది. 2010 జులైలోనే డొమైన్లన్నిటికీ పైనుండే రూట్ జోన్‌కు ఆ సంతకం పడింది. మన డాట్ ఇన్‌కూ ఉంది.

సైటుకు తాళం గుర్తు ఉంది కదా, ఇదెందుకు అని మీ అధికారులు అనవచ్చు. ఆ తాళానికి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ కూడా డొమైన్ మీదేనా అని చాలాసార్లు డీఎన్ఎస్‌నే అడుగుతుంది. అక్కడే దొంగ జవాబు వస్తే దొంగకే సర్టిఫికెట్ దక్కుతుంది. శాఖల ఈమెయిల్ ఏ సర్వరుకు చేరాలో చెప్పేదీ డీఎన్ఎస్సే.

ఈ పని ఎక్కువగా ఆగిపోయే చోటు ఒకటుంది. కాంట్రాక్టరు సంతకానికి వాడే కీలు సృష్టించి జోన్‌కు, అంటే డొమైన్ రికార్డుల పట్టికకు, సంతకం చేసి పని అయిపోయిందంటాడు. కానీ ఆ కీ ముద్రను, అంటే డీఎస్ రికార్డును, పై డొమైన్‌లో పెట్టించాలి. ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్‌కైతే ఎన్ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) ద్వారా. అది పడకపోతే గొలుసు తెగినట్టే; రిజాల్వర్లు ఆ డొమైన్‌ను సంతకం లేనిదిగానే చూస్తాయి. సంతకాలు సరిచూసే రిజాల్వర్‌ను డిగ్ అనే డీఎన్ఎస్ కమాండ్‌తో అడిగి, జవాబులో ఏడీ అనే ఫ్లాగ్ (సంతకం సరిపోయిందన్న గుర్తు) వచ్చిందో లేదో చూస్తే నిమిషంలో తేలిపోతుంది. బిల్లు పాస్ చేసే ముందు ఈ ఒక్క పరీక్ష తప్పనిసరి చేయండి.

డీఎన్ఎస్‌సెక్ పెడితే సైటు ఆగిపోతుందేమోనన్న భయం కూడా న్యాయమైనదే. సంతకాలకు గడువు ఉంటుంది. కీలు మార్చేటప్పుడు వరస తప్పినా, డీఎస్ పాతదే మిగిలినా సైటు మాయమవుతుంది. 2012లో నాసా సైటు అమెరికా ఇంటర్నెట్ కంపెనీ కామ్‌కాస్ట్ వినియోగదారులకు అలాగే ఆగింది. 2023లో న్యూజిలాండ్ డొమైన్లకూ ఈ దెబ్బ తగిలింది. అందుకే సంతకాలు ఆటోమేటిక్‌గా రెన్యువల్ కావాలి, గడువు దగ్గర పడితే అలారం మోగాలి, కీలు ప్రభుత్వం చేతిలోనే ఉండాలి. టెండరు ముగిసి కాంట్రాక్టరు వెళ్లిపోతే కీలు ఎవరి దగ్గరున్నాయో తెలియని పరిస్థితి రాకూడదు.

అమెరికా 2008 ఆగస్టులో ఆదేశమిచ్చి, ప్రభుత్వ సంస్థల డొమైన్లకు 2009 డిసెంబర్ వరకు గడువు పెట్టింది. మనం కూడా జీవో ఇచ్చి గడువు పెట్టుకోవచ్చు. ముందు ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్, ఆ తర్వాత విడిగా నడిచే శాఖల జోన్లు, యూనివర్సిటీలు, మున్సిపల్ కార్పొరేషన్లు. స్టేట్ డేటా సెంటర్ రిజాల్వర్లలో వాలిడేషన్ (సంతకాలు సరిచూడటం) కూడా ఆన్ చేయించండి. చూసేవాళ్లు లేని సంతకం వల్ల లాభం లేదు. ఏ డొమైన్‌కు సంతకం పడిందో, దేనికి పడలేదో శాఖల వారీగా ప్రతి నెలా ప్రజల ముందు పెట్టమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక నెట్‌వర్క్ ఇంజినీరు, విజయవాడ