నీ రికంబెంట్‌కి మోటారు పెట్టే ముందు ఇది చదువు

ఒరేయ్ మామా,

వెనక్కి వాలి, కాళ్లు ముందుకి చాపి తొక్కే నీ రికంబెంట్ సైకిల్‌కి మోటారు పెడదామనుకుంటున్నానని రాశావు చూడు, చదవగానే ఎంత సంతోషమేసిందో! ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావని కూర్చుని రాస్తున్నాను, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ఏ మోటారు, ఎన్ని వాట్లు, టాప్ స్పీడెంత అని వరసగా అడిగావు గానీ, అసలెందుకు పెడుతున్నావో రాయలేదు. స్పీడు కోసమైతే వద్దురా. చదును రోడ్డు మీద నీ బండికి స్పీడు కొరత ఎప్పుడుంది? వెనక్కి వాలి కూర్చుంటాం కాబట్టి గాలికి మనం అడ్డుపడేదే తక్కువ. 1933లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే ఆయన షార్ల్ మోషే తయారుచేసిన ఇలాంటి బండి మీదే గంటలో 45 కిలోమీటర్లు దాటి రికార్డు కొట్టాడు, మరుసటి ఏడాదే అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం ఈ రకం బండ్లను పోటీల్లోంచి తీసేసింది. అంత చురుకైన బండికి చదును మీద మోటారు కలిపేది బరువే.

మనకి ఇబ్బంది అంతా ఎత్తు దగ్గర. మామూలు సైకిలైతే సీటు మీంచి లేచి, ఒళ్లు బరువంతా పెడల్ మీద వేసి ఎక్కించేస్తాం. ఇక్కడ లేవడం కుదరదు. వీపు సీటుకి ఆనించి గట్టిగా తంతే బలం వస్తుంది నిజమే, కానీ ఆ దెబ్బ మోకాళ్లకి తగులుతుంది. అందుకే చిన్న గేరులో గబగబా తిప్పుకుంటూ నెమ్మదిగా ఎక్కాలి, ఆ నెమ్మదిలోనే రెండు చక్రాల రికంబెంట్ అటూ ఇటూ ఊగిపోతుంది. ఒకసారి లెక్క వేసి చూడు. నువ్వూ బండీ బ్యాటరీ కలిపి 100 కిలోలు, రోడ్డు 8 శాతం ఎత్తు, నువ్వు పెట్టే బలం 150 వాట్లు అనుకో, గంటకి 6 కిలోమీటర్ల పైచిలుకు వస్తుంది. దానికి మోటారు ఇంకో 250 వాట్లు చక్రానికి అందిస్తే అదే ఎత్తు 16 దగ్గర ఎక్కేస్తావు. 6 దగ్గర హ్యాండిల్‌తో కుస్తీ పట్టాలి, 16 దగ్గర బండి తిన్నగా పోతుంది. అంటే మోటారు నీకు బలంతో పాటు బ్యాలెన్స్ కూడా ఇస్తుంది, నా దృష్టిలో దాన్ని పెట్టడానికి అసలు కారణం ఇదే. (యూరప్‌లో మామూలు సైకిల్‌గా ఒప్పుకునే హద్దు కూడా 250 వాట్లే, సాయం గంటకి 25 కిలోమీటర్ల దాకా. నువ్వు తిరిగే చోట రూల్ ఏంటో కొనేముందే చూసుకో.)

ఇక హబ్ మోటారా (చక్రం నడిమధ్యలో ఉండేది), మిడ్ డ్రైవా? అందరూ మిడ్ డ్రైవే అంటారు. కారణం ఉంది, అది పెడల్స్ దగ్గర కూర్చుని చైన్‌నే లాగుతుంది కాబట్టి నీ గేర్లన్నీ దానికీ పనికొస్తాయి, ఎంత ఎత్తైనా చిన్న గేరులో హాయిగా ఎక్కుతుంది. బఫాంగ్ బీబీఎస్02 లాంటివి మామూలు సైకిల్‌కి బ్రహ్మాండంగా కుదురుతాయి. కానీ మన పెడల్స్ ఎక్కడున్నాయి? బూమ్ చివర, అంటే సీటు ముందుకి చాచుకున్న గొట్టం కొసన, గాల్లో. ఆ కొసకి దాదాపు 4 కిలోలు వేలాడదీయాలి. మోటారు బాడీ ముందు చక్రానికి తగలకుండా చోటుండాలి. మామూలు సైకిల్‌లో మోటారు తిరిగిపోకుండా ఫ్రేమ్ గొట్టానికి ఆనుకుంటుంది, బూమ్ కింద ఆనడానికి ఏమీ ఉండకపోతే బ్రాకెట్ ఒకటి చేయించాలి. ముందు మూడు పళ్లచక్రాలున్న చోట ఒక్కటే మిగులుతుంది, కాబట్టి వెనక క్యాసెట్ (వెనక చక్రం మీదుండే పళ్లచక్రాల గుత్తి) పెద్దది వేయాలి. మన చైన్ మామూలు దానికి రెండున్నర రెట్లకి పైనే ఉంటుంది, దారిలో ఐడ్లర్ అనే చిన్న పళ్లచక్రం మీదుగా తిరిగి వెళ్తుంది. నీ కాళ్ల లాగుడుకి మోటారు లాగుడు తోడైతే ఆ ఐడ్లర్ పళ్లు, బేరింగూ త్వరగా అరిగిపోతాయి.

అన్నిటికంటే నన్ను ఆపింది మాత్రం వేరే విషయం. సిగ్నల్ దగ్గర పెద్ద గేరులో ఉండగానే బండి ఆగిపోయిందనుకో, చైన్‌ని ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి జరిపే డెరైలర్‌తో బండి ఆగి ఉండగా గేరు మార్చలేం. మామూలు సైకిల్ మీద లేచి తొక్కి ఎలాగోలా కదిలించేస్తాం, మనకి అదీ లేదు. మిడ్ డ్రైవ్ కూడా ఆ పెద్ద గేరులోనే లాగాలి కదా, దానికీ కష్టమే. వెనక చక్రంలో ఉన్న హబ్ మోటారుకి చైన్‌తో సంబంధం లేదు, నువ్వు ఏ గేరులో ఆగినా థ్రాటిల్ కొంచెం నొక్కితే చక్రం కదుల్తుంది, బండి నిలదొక్కుకున్నాక కాళ్లు పెడల్స్ మీద పెట్టుకోవచ్చు. ఎత్తు మధ్యలో ఆగి మళ్లీ బయల్దేరాలంటే దీని విలువ తెలుస్తుందిరా!

పైగా నీ వెనక చక్రం 20 అంగుళాలది, అది అదృష్టం. 26 అంగుళాల చక్రానికని చుట్టిన మోటారుని 20లో బిగిస్తే టాప్ స్పీడు దాదాపు నాలుగింట మూడొంతులకి పడిపోతుంది, కానీ రోడ్డు మీద లాగే బలం ఆ మేరకి పెరుగుతుంది. మనకి కావాల్సింది అదే కదా. ఎత్తు మీద కూడా మోటారు మరీ మెల్లగా తిరగదు కాబట్టి వేడెక్కడం తగ్గుతుంది. గేర్డ్ హబ్ తీసుకో, లోపల క్లచ్ ఉంటుంది, మోటారు ఆపేసి తొక్కినా ఈడ్చినట్టుండదు. ముందు చక్రంలో మాత్రం పెట్టకు, ఎత్తు మీద బరువు వెనక్కి పోయి ముందు చక్రం జారుతుంది.

బిగించేటప్పుడు ఇరుసు దగ్గర నిదానంగా పని చెయ్యి. ఇరుసుకి రెండు వైపులా చెక్కినట్టు చదునుగా ఉంటుంది, అది ఫ్రేమ్ గాడిలో కూర్చుంటుంది. మోటారు చక్రాన్ని ముందుకి నెడుతుంటే ఇరుసు వెనక్కి తిరగాలని చూస్తుంది. గాడి అల్యూమినియందైతే మెల్లగా వెడల్పైపోయి, ఒకరోజు ఇరుసు గిర్రున తిరిగి దాని లోంచి వచ్చే వైర్లని తెంపేస్తుంది. అందుకని ఇరుసు తిరగకుండా ఫ్రేమ్‌కి పట్టి ఉంచే స్టీలు పట్టీ, టార్క్ ఆర్మ్ అంటారు, అది రెండు పక్కలా వెయ్యి, మొదటి కొన్ని రైడ్‌లయ్యాక నట్లు మళ్లీ బిగించు. వైరు ఇరుసు దగ్గర్నుంచి ముందు కిందకి కాస్త వేలాడి తర్వాత పైకి వెళ్లాలి, అప్పుడు వాన నీళ్లు వైరు పట్టుకుని మోటారులోకి పోకుండా కిందే కారిపోతాయి. చక్రం అల్లేవాడికి స్పోకులు ఒక్క క్రాస్ (ఒక్కో స్పోకు ఇంకో స్పోకుని ఒక్కసారే దాటడం) చాలని చెప్పు, చిన్న రిమ్ముకి మూడు క్రాసులు వేస్తే రిమ్ములో స్పోకుని బిగించే నిపుల్ దగ్గర స్పోకు వంగి విరిగిపోతుంది.

నువ్వు తొక్కుతున్నావో లేదో చూసే పెడల్ సెన్సర్ బూమ్ చివర, మోటారుకి కరెంటు పంపే కంట్రోలర్ సీటు కింద ఉంటాయి, కిట్‌లో ఇచ్చే వైరు అంత దూరం రాదు. ఆ కనెక్టర్‌కి సరిపోయే ఎక్స్‌టెన్షన్ ముందే తెప్పించుకో, చైన్ లేని వైపు నుంచి లాగు. నీది సీటు కింద హ్యాండిల్ కాబట్టి డిస్‌ప్లే కూడా బూమ్ మీదకే వెళ్లాలి, లేకపోతే కనపడదు. బ్రేకు పట్టగానే మోటారు ఆగే కటాఫ్ మాత్రం వదలకు. కిట్‌తో వచ్చే లివర్లు నీ హ్యాండిల్‌కి పట్టకపోతే కేబుల్‌కి తగిలించే సెన్సర్ దొరుకుతుంది.

బ్యాటరీ సీటు వెనక, వీలైనంత కిందకి. క్యారియర్ చివర పెడితే ముందు భాగం తేలికైపోయి హ్యాండిల్ తడబడుతుంది. 48 వోల్టులు, 14 ఆంపియర్-అవర్లది తీసుకుంటే 670 వాట్-అవర్లు, కిలోమీటరుకి 10 చొప్పున ఖర్చనుకున్నా 60 కిలోమీటర్లు దాటుతుంది, చదును మీద ఆపేసి తొక్కితే ఇంకా ఎక్కువ. 13 సెల్స్ వరస ఉన్న ఆ ప్యాక్‌కి 54.6 వోల్టుల చార్జరే వాడాలి, ఇంకోటి సరిపోతుందిలే అనుకోవద్దు. రాత్రంతా చార్జింగ్‌లో పెట్టి పడుకోవద్దు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది: వెనక ఫ్రేమ్ గాడుల మధ్య వెడల్పు మిల్లీమీటర్లలో కొలువు, 135 ఉంటే చాలా మోటార్లు నేరుగా పడతాయి. గాడి స్టీలా అల్యూమినియమా చూడు, సీటు వెనక ఎంత ఖాళీ ఉందో చూడు, వెనకది డిస్క్ బ్రేకా కాదా అది కూడా. ఫొటోలు పంపు, ఆదివారం ఇద్దరం కూర్చుని ఆర్డర్ పెడదాం. అప్పటిదాకా ఏమీ కొనకు.

ఉంటా మరి.