నిన్నటి సృష్టి డిబేట్ గురించి
అందరికీ వందనాలు. దేవుడు లోకాన్ని 6000 ఏళ్ల కిందటే సృష్టించాడన్న వాదన మీద నిన్న రాత్రి మీరు పెట్టినవన్నీ చదివా, ఒకటి అడగాలి. దేవుడు లోకాన్ని ముందే పాతదిలా కనపడేట్టు చేశాడు, తల్లి కడుపున పుట్టని ఆదాముకి కూడా బొడ్డు పెట్టినట్టు అంటున్నారు కదా, సరే, 1857లో ఇంగ్లాండులో ఫిలిప్ గాస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త అన్నదీ అదే, కానీ అలా అనుకుంటే ఇక ఏ రాయి తవ్వినా ఏమీ తేలదు, మరి వెంటనే అమెరికాలోని పెద్ద లోయ గ్రాండ్ కాన్యన్ ఫొటో పెట్టి జలప్రళయానికి ప్రూఫ్ అంటే ఎలా? రెండిట్లో ఒకటే పట్టుకోండి బ్రదర్. ప్రూఫే కావాలంటే అక్కడ కొకొనినో ఇసుకరాయి పొర చూడండి, ఎడారి ఇసుకదిబ్బల మీద జంతువులు నడిచిన అడుగులు అందులో అచ్చుపడి ఉన్నాయి, లోకమంతా నీళ్లలో ఉంటే ఆ దిబ్బలెక్కడివి? నేనూ ఆదికాండం నమ్మేవాణ్ణే, రాళ్ల వయసు కోసం మాత్రం దాన్ని తెరవను. యూట్యూబ్ లింకులు వద్దు, సొంత మాటల్లో రాయండి ప్లీజ్.