వరంగల్‌లో కొత్త కాలనీలు వేసేముందు పాత కుంటలు చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది ఖిలా వరంగల్, పుట్టింది పెరిగింది మట్టికోట పక్కనే. ఈమధ్య మా ఊరి చుట్టూ ఎటు పోయినా వెంచర్లే, ఒకరు టెక్స్‌టైల్ పార్క్ అంటారు ఇంకొకరు మామునూరు ఎయిర్‌పోర్ట్ అంటారు, ప్లాట్ల రేట్లు మండిపోతున్నాయి. ఊరు పెరగొద్దని నేను అనట్లేదు, మా పిల్లలు కూడా ఎక్కడో ఓచోట ఇల్లు కట్టుకోవాల్సిందే కదా. కానీ గేటు దగ్గర సిమెంటుతో ఒక కాకతీయ తోరణం కట్టి, పైన రెండు హంసలు పెట్టి, గోల్డ్ కలర్ కొట్టి ఇదే ఓరుగల్లు అంటుంటే చాలా బాధగా ఉంది.

మా చెల్లెలు వాళ్ళు ఇల్లు కట్టుకుంది అలాంటి గేటున్న కాలనీలోనే. 2023 జులై వానలకి ఇంట్లోకి మోకాళ్ళ లోతు నీళ్ళొచ్చినయ్, మేం పోయేసరికి బియ్యం బస్తాలు డైనింగ్ టేబుల్ మీదికి ఎక్కించి పిల్లల్ని పట్టుకుని మెట్ల మీద కూర్చున్నారు. నీళ్ళు పోయినాక గోడ మీద మట్టిరంగు గీత ఒకటి మిగిలింది, రెండుసార్లు పెయింట్ వేసినా ఇంకా మసకగా కనిపిస్తూనే ఉంది. ఆ పక్క పొలాల పెద్దాయన ఒకాయన వచ్చి చూసి, కుంట మత్తడి దూకేది ఈడికే బిడ్డా, మరి ఆ నీళ్ళు ఎటు పోవాలె అన్నడు. మత్తడి అంటే చెరువో కుంటో నిండినాక నీళ్ళు పొర్లి బయటికి పోయే చోటు, అలుగు.

ఓరుగల్లు అంటే నా దృష్టిలో ఆ మత్తడే. కాకతీయులు నడుమ నాలుగు దిక్కులకి నాలుగు తోరణాలు, చుట్టూ రాతికోట, దానికి అగడ్త, బయట మట్టికోట, మళ్ళీ అగడ్త, ఇట్లా గుండ్రంగా ఒకదాని చుట్టూ ఒకటి కట్టుకుంటూ పోయారు, చెరువులేమో ఒకటి నిండితే మత్తడి దూకి కిందిదాంట్లోకి పోయేలా గొలుసుకట్టుగా తవ్వించారు. బయటినుంచి వచ్చినవాళ్ళు మట్టికోటని చూసి ఏదో గుట్ట అనుకుంటారు, అట్లా అనుకునే దాన్ని తవ్వుకున్నోళ్ళు తవ్వుకున్నారు, ఇళ్ళు కట్టుకున్నోళ్ళు కట్టుకున్నారు.

కేంద్రం రక్షించే కట్టడాలకి 100 మీటర్ల దాకా కొత్తగా కట్టొద్దు, ఆపైన ఇంకో 200 మీటర్లు పర్మిషన్ తీసుకోవాలి అని చట్టం ఉంది, మంచిదే. మరి 301వ మీటరు నుంచి ఎవరు చూస్తున్నారు? ఊరు పెరిగేది అక్కడే కదా.

లేఅవుట్‌కి పర్మిషన్ ఇచ్చే ఆఫీసర్లకి నా మనవి ఏంటంటే, ముందు పాత రెవెన్యూ నక్షా తీసి కుంటలు, కాలవలు, మత్తళ్ళు ఎక్కడున్నాయో గుర్తుపెట్టి ఆ తర్వాతే రోడ్లు గీయించండి. కాలవని ఇళ్ళ వెనక్కి నెట్టకండి, వెనక పడితే చెత్త వేస్తారు, తర్వాత మెల్లగా గోడ జరుపుతారు, అదే కాలవ ఇళ్ళ ముందు ఉండి పక్కన రోడ్డు, చింతచెట్లు, వేపచెట్లు ఉంటే పదిమంది కళ్ళు దానిమీద ఉంటాయి. కోట వైపు వేసే కాలనీల్లో రెండంతస్తులు దాటనివ్వకండి. ఊళ్ళోంచి పొలాలకి పోయే పాత బండ్లబాటల్ని కాంపౌండ్ గోడ పెట్టి మూసేయనివ్వకండి, అవి ఎప్పటినుంచో జనం నడిచే దారులు. ఇంటి ముందు అరుగు కట్టుకునేవాళ్ళకి, రోడ్డుకీ ఇంటికీ మధ్య వదలాల్సిన సెట్‌బ్యాక్‌లో ఆ కాస్త జాగా ఇవ్వండి. మా వీధిలో ఇప్పటికీ సాయంత్రమైతే ఆడవాళ్ళు అరుగుల మీదే కూర్చుని కూరగాయలు తరుగుకుంటారు, ఎవరింటికి ఎవరొచ్చారో వీధి మొత్తానికి తెలుస్తుంది, మా చెల్లెలికి మాత్రం మూడేళ్ళయినా ఎదురింటివాళ్ళ పేరు తెలీదు.

వాళ్ళ కాలనీ వెనకాల ఇప్పుడు ఇంకో వెంచర్‌కి హద్దురాళ్ళు పాతుతున్నారు. అక్కడ కుంట ఇంకా సగం మిగిలే ఉంది, తుంగ మొలిచి కొంగలు వాలుతున్నాయి. టిప్పర్ల మట్టి పడకముందే ఎవరైనా ఆఫీసర్ ఒక్కసారి వచ్చి ఆ మత్తడి ఎటు దూకుతుందో చూసి పోవాలని మీ పేపర్ ద్వారా అడుగుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఖిలా వరంగల్