మా పాఠాన్ని ఎర్ర సిరాతో దిద్దినవారికి

పత్రికా ఉద్యోగం నుంచి, సమాచారాన్ని లెక్కలతో విశ్లేషించే డేటా అనలిటిక్స్‌లోకి మారాలనుకునేవాళ్ల కోసం మేం తయారుచేసిన పన్నెండు వారాల పాఠ్యప్రణాళికను ఓపిగ్గా చదివి, మార్జిన్ల నిండా గీతలు గీసి తిప్పి పంపిన అందరికీ కృతజ్ఞతలు. ‘బాగుంది’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే మాకు సంతోషంగానే ఉండేది, నేర్చుకునేవాళ్లే నష్టపోయేవాళ్లు. ఏ గీత వల్ల ఏం మారిందో చెప్పడమే మీకు సరైన ధన్యవాదం అనిపించింది.

మొదటి గీత ముందుమాట మీదే పడింది. ‘విలేకరులకు లెక్కలు కొత్త’ అని రాశాం. 1967 డెట్రాయిట్ అల్లర్ల తర్వాత ఫిలిప్ మేయర్ అనే విలేకరి సర్వే చేయించి, జవాబులను కంప్యూటర్‌తో విశ్లేషించిన సంగతి మీలో ఒకరు గుర్తుచేశారు. అల్లర్లకు దిగింది చదువు అబ్బనివాళ్లే అన్న నమ్మకం నిలవలేదు. కాలేజీ మెట్లెక్కినవాళ్లూ తక్కువేం తినలేదని తేలింది. మా వాక్యం కొట్టేశాం.

వారాల క్రమాన్ని మార్చమన్నవారు చేసిన మేలు ఇంతా అంతా కాదు. మేం ప్రోగ్రామింగ్ భాష అయిన పైథాన్‌ను ముందు పెట్టాం. అలా మొదలుపెడితే సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవడానికీ, లైబ్రరీల (ముందే రాసి ఉంచిన కోడ్ కట్టల) గొడవకే సగం కాలం పోతుంది, టేబుల్‌ను చదవడం మాత్రం రాదు. ఇప్పుడు మొదటి మూడు వారాలు ఎక్సెల్, తర్వాత ఐదు వారాలు డేటాబేస్‌ను ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్, రెండు వారాలు చార్టులు, చివరి రెండు వారాలే పైథాన్.

ఎక్సెల్ భాగంలో సూత్రాలు తగ్గించి ప్రమాదాలు పెంచమన్నారు, పెంచాం. సీఎస్‌వీ ఫైలును (విలువలను కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలును) డబుల్ క్లిక్ చేసి తెరిస్తే కోడ్‌ల ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. పదిహేను అంకెలు దాటిన గుర్తింపు సంఖ్యల్లో ఆ తర్వాతి అంకెలు సున్నాలైపోతాయి. 03/04 అన్నది మార్చి నాలుగో, ఏప్రిల్ మూడో కంప్యూటర్ సెట్టింగే తేల్చేస్తుంది. అందుకే ఫైలును డేటా మెనూలోంచి దిగుమతి చేసుకుని, అలాంటి కాలమ్‌లను టెక్స్ట్‌గా గుర్తించాలి. ఒక షీట్‌లో 10,48,576 వరుసలే పడతాయి, పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్‌లోనైతే 65,536 మాత్రమే. 2020లో ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ కేసులు సకాలంలో లెక్కలోకి రాకపోవడానికి ఆ పాత ఫార్మాటే కారణం. ఫైలు తెరవగానే ‘ఎన్ని వరుసలు రావాలి, ఎన్ని వచ్చాయి’ అని చూసుకోవడం ఇప్పుడు మా మొదటి అభ్యాసం.

ఎస్‌క్యూఎల్ పాఠాలను దిద్దినవారికి రెండు నమస్కారాలు. మేం సెలెక్ట్ (కావలసిన కాలమ్‌లను తెచ్చే ఆదేశం) దగ్గర మొదలుపెడితే, మీరు దానికంటే ముందు ఒక ప్రశ్న పెట్టించారు: ఈ టేబుల్‌లో ఒక వరుస అంటే ఏమిటి? ఒక మనిషా, ఒక ఆర్డరా, ఆర్డర్‌లోని ఒక వస్తువా? సోర్స్ చెప్పింది వినగానే ‘నీకెలా తెలుసు’ అని అడిగే విలేకరికి ఈ ప్రశ్న కొత్తేమీ కాదు. అడగాల్సింది మనిషిని కాదు, టేబుల్‌ని. అంతే తేడా.

అడగకపోతే ఏమవుతుందో చూపడానికి మీరిచ్చిన ఉదాహరణనే వాడుకున్నాం. 1,000 విలువైన ఆర్డర్ ఒకటి, అందులో మూడు వస్తువులు. ఆర్డర్ల టేబుల్‌ను వస్తువుల టేబుల్‌తో జాయిన్ చేస్తే, అంటే ఆర్డర్ నంబరును బట్టి జతచేస్తే, ఆర్డర్ వరుస మూడుసార్లు వస్తుంది, మొత్తం కూడితే 3,000 అవుతుంది. ఎర్రర్ రాదు, అదే ప్రమాదం. కూడిక ఆదేశమైన సమ్‌లో డిస్టింక్ట్ (ఒకే విలువను ఒక్కసారే లెక్కించమనే మాట) పెట్టి సరిచేయబోతే ఇంకో గొయ్యి: ఒకే విలువున్న రెండు వేర్వేరు ఆర్డర్లు ఒకటైపోతాయి. సరైన దారి, వస్తువులను ముందుగా ఆర్డర్ స్థాయికి గ్రూప్ చేసి (ఒక్కో ఆర్డర్‌కు ఒక్క వరుసగా మార్చి), ఆ తర్వాత జాయిన్ చేయడం. జాయిన్‌కు ముందూ వెనకా కౌంట్ చూసుకుంటే చాలు, సగం తప్పులు అక్కడే దొరుకుతాయి.

లెఫ్ట్ జాయిన్ (జత దొరకకపోయినా ఎడమ టేబుల్ వరుసలన్నీ ఉంచే జాయిన్) రాసి, కుడి టేబుల్ కాలమ్ మీద షరతును వేర్‌లో (ఫలితాన్ని వడపోసే భాగంలో) పెడితే జత దొరకని వరుసలు మాయమవుతాయి, అది మామూలు జాయిన్ అయిపోతుంది. షరతును ఆన్‌లోకి (జత ఎలా కలపాలో చెప్పే భాగంలోకి) మార్చాలి. నాట్ ఇన్ (‘ఈ జాబితాలో లేనివి’ అనే షరతు) లోపలి జాబితాలో ఒక్క నల్ (ఖాళీ విలువ) ఉన్నా ఫలితం ఖాళీ. ‘ఒక్కసారీ ఫిర్యాదు చేయనివాళ్లు ఎవరూ లేరు’ అని హెడ్డింగ్ పెట్టేసుకోవడానికి ఇంతకంటే సులువైన దారి లేదు! దాని బదులు నాట్ ఎగ్జిస్ట్స్ (‘అలాంటి వరుస లేకపోతే’ అనే షరతు) వాడమన్న మీ సలహాను పెద్ద అక్షరాల్లో వేశాం.

పాత వృత్తి అలవాట్లలో ఏది ఉంచుకోవాలి, ఏది వదలాలి అన్న అధ్యాయాన్ని దాదాపు మీరే తిరగరాశారు. ముఖ్యమైన మాట మొదటి వాక్యంలో చెప్పడం, డేటా నమోదు చేసేవాళ్లకు ఫోన్ చేసి ‘ఈ కాలమ్ అర్థం ఎప్పుడైనా మారిందా’ అని అడగడం, ఇవి బంగారం. వదులుకోవాల్సింది వింతను వెతికే చూపు. మనిషి కుక్కను కరిస్తే వార్త అంటారు కదా. విశ్లేషకుడి పని మాత్రం కుక్కలు రోజూ ఎంతమందిని కరుస్తున్నాయో లెక్కపెట్టడం.

శాతాల దగ్గరా మమ్మల్ని వదల్లేదు. 4 శాతం 5 శాతమైతే పెరిగింది ఒక శాతం కాదు, ఒక శాతం పాయింటు. పెరుగుదల చూస్తే 25 శాతం. పది మందిలో 90 శాతం పాసైన బడినీ, 990 మందిలో 50 శాతం పాసైన బడినీ కలిపి సగటు 70 అంటే తప్పు. పాసైనవాళ్లు 9, 495 కలిపి 504, అంటే 50.4 శాతం. సగటుల సగటు తీయకండి అని మేం రాస్తే, ఇలా అంకెలు వేసి చూపమన్నది మీరే.

ఉద్యోగ దరఖాస్తు అధ్యాయానికి నియామకాలు చేసేవారి సలహాలే ఆధారం. చూపించడానికి ఐదు ప్రాజెక్టులు అక్కర్లేదు, ఒకటి చాలు. కానీ అది ఎవరో శుభ్రం చేసి పెట్టిన డేటా కాకూడదు. పైన ప్రశ్న, దాని కింద ఒక్క వాక్యంలో జవాబు, వదిలేసిన వరుసలెన్ని, ఎందుకు వదిలేశారు, ఈ డేటా చెప్పలేనిదేమిటి, చివర క్వెరీలు (డేటాను అడగడానికి రాసిన ఆదేశాలు). గణిత మోడల్ గొప్పతనం కంటే ‘ఈ డేటా చెప్పలేనిదేమిటి’ అన్న అంశాన్నే ముందు చదువుతామన్నారు.

ఒక్క సూచన మాత్రం ఒప్పుకోలేకపోయాం, మన్నించండి. రెజ్యూమేలో విలేకరి అనుభవాన్ని ఒక్క పంక్తికి కుదించమన్నారు. మేం ఉంచాం. కాకపోతే ‘వార్తలు రాశాను’ అన్నచోట ఏ రికార్డులు సేకరించారు, ఎన్ని వరుసలు సరిచూశారు, ఆ లెక్క ఎవరి నిర్ణయానికి పనికొచ్చింది అని రాయమని మార్చాం. ఇదీ తప్పంటారా? పత్రికలో సవరణ వేసినట్టే, కొత్త ప్రతి మొదటి పేజీలో పాత తప్పుల జాబితా పెడుతున్నాం. అందులో ఇంకా చోటుంది.