అంగిలి చూడని అవగాహన

సంపాదకుడికి,

పదకొండు రోజుల క్రితం మీ జిల్లా పేజీలో పర్లాకిమిడిలో జరిగిన నోటి క్యాన్సర్ అవగాహన ర్యాలీ వార్త వేశారు. పెద్ద ఫొటో, టోపీలు పెట్టుకున్న బడిపిల్లలు, ముందు వరుసలో ఫ్లెక్సీ పట్టుకున్న అధికారులు. జనం నిర్లక్ష్యం చేసి, జబ్బు ముదిరాక వస్తున్నారని వేదిక మీది పెద్దలు వాపోయినట్లు రాశారు. అది చదివాక ఆ పూట తిన్నది నాకు ఒంటబట్టలేదు. వెంటనే రాయాలనుకున్నాను గాని, అక్కను మళ్లీ శ్రీకాకుళం తీసుకెళ్లవలసి రావడంతో ఇన్నాళ్లు పట్టింది.

మా అక్కకు అరవై నాలుగేళ్లు. అడ్డపొగ తాగుతుంది. మహేంద్రతనయ నదికి అటూ ఇటూ ఉన్నవారికి ఈ మాట వివరించనక్కరలేదు. పై నుంచి బదిలీ మీద వచ్చిన అధికారుల కోసం చెబుతున్నాను: చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని పీలుస్తారు. మా అమ్మా అలాగే తాగేది, అమ్మమ్మా అలాగే తాగేది. మాన్పించడానికి నేను చేయని ప్రయత్నం లేదు. నా ఎదుట మానేసి పెరట్లో తాగుతుంది.

నిరుడు చలికాలంలో ఆమె అంగిలి మీద తెల్లని మచ్చ, మధ్య మధ్య ఎర్రని చుక్కలు కనిపించాయి. కారం తగిలితే మంట. నోట్లో మచ్చ గాని, పుండు గాని రెండు వారాలు దాటినా తగ్గకపోతే చూపించాలని అంటారు కదా. ఇరవయ్యో రోజుకల్లా ఊళ్లోని ఒక డాక్టరుగారి ముందు కూర్చున్నాం. ఇది నిర్లక్ష్యమేనా? ఆయన టార్చి వేసి చూసి, పొగ తాగేవాళ్లందరికీ ఇలాగే ఉంటుందమ్మా, మానేస్తే అదే పోతుంది అని బీ కాంప్లెక్సు మాత్రలు, ఒక పూత మందు రాశారు. నెల పోయాక వెళితే ఇంకో రంగు బీ కాంప్లెక్సు. మూడో నెల పుక్కిలించే మందు. మచ్చ మాత్రం అక్కడే ఉంది.

ఆయన అబద్ధం చెప్పారనడం లేదు. మామూలుగా పొగ తాగేవారికి అంగిలి తెల్లబడితే, మానేశాక చాలావరకు తగ్గిపోతుంది, అది క్యాన్సరుగా మారడం అరుదేనట. కాని నిప్పు నోట్లో పెట్టుకునేవారి అంగిలి సంగతి వేరు. ఇదేమీ నిన్న మొన్న కనిపెట్టిన రహస్యం కాదు. ఆంధ్ర పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించి, అడ్డపొగకూ అంగిలి మచ్చలకూ ఉన్న సంబంధం మీద రాసిన వ్యాసం 1971లోనే బ్రిటన్ క్యాన్సర్ పత్రికలో అచ్చయింది. మా మేనల్లుడు ఫోనులో వెతికి అయిదు నిమిషాల్లో చూపించాడు. బ్రిటన్‌లో తెలిసిన సంగతి మన వీధి చివర ఆసుపత్రికి నడిచి రావడానికి ఇంకెన్నేళ్లు కావాలో!

మూడో నెలలో మర్యాదగానే అడిగాను: “డాక్టరుగారూ, ఒకసారి వేరే వారికి కూడా చూపించమంటారా?” అంతే. ఆయన ముఖం మారిపోయింది. “నా మీద నమ్మకం లేకపోతే ఇక్కడికి రావద్దు” అని, రాసిన చీటీ కూడా తన దగ్గరే ఉంచుకున్నారు. నేను ముప్పై రెండేళ్లు లెక్కలు చెప్పాను. ఒక పిల్లవాడు నా లెక్కను ఇంకో మాస్టారికి చూపిస్తే నా పరువేమీ పోలేదు. ఒకటి రెండుసార్లు లెక్కే తప్పని తేలింది కూడా.

శ్రీకాకుళంలో పంటి డాక్టరమ్మ ఒకరు అక్క నోరు తెరిపించకముందే వేసిన మొదటి ప్రశ్న: “అమ్మా, అడ్డపొగా?” నాలుగు నెలల్లో ఆ ప్రశ్న ఇంకెవరూ వేయలేదు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. కత్తి తగిలితే క్యాన్సరు ఒళ్లంతా పాకుతుందని ఇరుగుపొరుగు అక్కను భయపెట్టారు. అది ఉత్త అపోహ అని, ముక్క తీయకుండా ఏ డాక్టరూ తేల్చి చెప్పలేడని ఆమె ఓపికగా చెప్పారు. ఫలితం వచ్చింది. క్యాన్సరు కాదు, కాని కణాల్లో మార్పు మొదలైంది. మూడు నెలలకోసారి చూపించుకోవాలి, చుట్ట ముట్టకూడదు. అవసరమనుకుంటే ఆ ముక్కను పరీక్ష చేసిన గాజు స్లైడునే మరో చోట చూపించి అభిప్రాయం తీసుకోవచ్చని కూడా ఆమే చెప్పారు. తన మాట మీద రెండో మాట అడగమని తానే చెప్పిన డాక్టరును చూసి అక్క కంగారు పడింది, “ఏం, ఆవిడకు సరిగ్గా తెలియదా?” అని!

ఇక ర్యాలీ ఫ్లెక్సీల సంగతి. అన్నీ ఒడియాలోనే. 1936లో మా ఊరు ఒడిశాలోకి వచ్చింది, మాకేమీ అభ్యంతరం లేదు, పిల్లలు ఒడియా చక్కగా చదువుతున్నారు. కాని అడ్డపొగ తాగే ముసలమ్మలకు ఒడియా అక్షరం రాదు, చాలామందికి తెలుగూ రాదు. బొమ్మన్నా అర్థమవుతుందనుకుంటే, అందులో ఉన్నది సిగరెట్టు పట్టుకున్న ప్యాంటు కుర్రాడు! ఆ బొమ్మకూ మా అక్కకూ ఏమిటి సంబంధం? పొగాకు ముద్ద అయిన గుడాఖుతో పళ్లు తోముకునే ఆడవాళ్లూ ఆ బొమ్మలో లేరు. 2013 నుంచి రాష్ట్రంలో గుట్కా నిషేధం. ర్యాలీ సాగిన దారి పొడవునా కిళ్లీ కొట్లలో పాన్‌మసాలా ఒక పొట్లం, పొగాకు ఒక పొట్లం పక్కపక్కన తోరణాల్లా వేలాడుతున్నాయి. రెండూ కలిపితే గుట్కా అని కొన్నవాడికి తెలుసు, అమ్మినవాడికి తెలుసు. వాటి కింద నుంచే నడిచి వెళ్లిన అధికారులకు మాత్రం తెలియదు. ఆ రోజు తలెత్తి చూసే తీరిక కెమెరా వైపు తప్ప ఇంకెటూ లేదు కాబోలు.

రెండో అభిప్రాయం తీసుకోవడం రోగి హక్కు అని జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో తయారు చేసిన రోగుల హక్కుల పత్రంలో ఉంది. రోగి అడిగితే 72 గంటల్లో వైద్య పత్రాలు ఇవ్వాలని డాక్టర్ల నీతి నియమావళి 2002 నుంచీ చెబుతోంది. ఈ రెండు ముక్కలూ ఒడియాలోనూ తెలుగులోనూ రాయించి ప్రతి ఆసుపత్రి గోడకు తగిలించడానికి ర్యాలీ టోపీలకు అయినంత ఖర్చు కూడా కాదు.

ఆ మొదటి మూడు నెలల చీటీల కోసం రాతపూర్వకంగా అడిగి వచ్చాను. శ్రీకాకుళం డాక్టరమ్మకు పాత మందుల వివరాలు కావాలి. అడిగి ఈ రోజుకు నలభై ఆరు రోజులు. మొన్న వెళితే, గుమాస్తా సెలవులో ఉన్నాడు, వచ్చే వారం రమ్మన్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల మాస్టారు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా